20 వాట్ల వాల్వు హెడ్‌కు ఏ స్పీకర్ క్యాబినెట్ జత చేయాలి?

ప్రశ్న: తుంగభద్ర తీగలు, కర్నూలు

అందరికీ నమస్కారం. నా దగ్గర 20 వాట్ల వాల్వు గిటార్ హెడ్ ఒకటి ఉంది, అంటే గాజు వాల్వులతో పనిచేసే, తనలో స్పీకరు లేని యాంప్. ఔట్‌పుట్ దశలో రెండు ఇ.ఎల్.34 వాల్వులు ఉన్నాయి. వెనుక పలక మీద 16 ఓములకు ఒక జాక్, 8 ఓములకు ఒక జాక్ ఇచ్చారు. ఇంతకాలం ఒక మిత్రుని క్యాబినెట్‌తో వాయించుకుంటూ వచ్చాను. ఆయన ఉద్యోగరీత్యా ఊరు మారుతూ దానిని తీసుకువెళ్లారు కనుక ఇప్పుడు నాకంటూ ఒకటి సమకూర్చుకోవలసి వచ్చింది.

నేను వాయించే చోట్లు మూడు రకాలు. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను; రెండు వందల మంది దాకా పట్టే హాలు, డ్రమ్స్ ఉంటాయి, గిటార్‌కు మైకు పెడతారు. క్రిస్మస్ రోజుల్లోనూ కళాశాల వార్షికోత్సవాల్లోనూ ఆరుబయట వేదికలు ఉంటాయి. మిగిలిన రోజుల్లో సాధన అంతా మా మిద్దె మీది గదిలోనే. ఆ గదికి నేలంతా కడప బండలు, గోడలకు సిమెంటు పూత తప్ప మరేమీ లేదు. ఎక్కడికైనా ఆటోలో వేసుకుని, మెట్ల మీద నేనొక్కడినే మోసుకుని పోవాలి.

ఇప్పుడు నా ముందు మూడు దారులు ఉన్నాయి. మా వీధిలో మైకుసెట్టు నడిపే ఆయన తన 12 అంగుళాల పెట్టె ఒకటి ఇస్తానంటున్నారు. దాని మీద 8 ఓములు, 300 వాట్లు అని ఉంది. బెంగళూరులో ఒక బ్యాండు వారు మార్షల్ కంపెనీ నాలుగు స్పీకర్ల క్యాబినెట్, 1960 అనే నమూనా, అమ్ముతున్నారు. మూడవది, ఒకే స్పీకరు ఉన్న కొత్త క్యాబినెట్ కొనడం. 20 వాట్ల యాంప్ 300 వాట్ల పెట్టెను కదిలించగలదా? ఓములు సరిగ్గా కలవకపోతే నిజంగానే యాంప్ కాలిపోతుందా? దయచేసి అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు: పెన్నా వాల్వు, అనంతపురం

తుంగభద్ర తీగలు గారికి నమస్కారం. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. యాంప్ చెడకుండా చూసుకోవలసినవి కొన్ని, చెవికి ఇంపుగా ఉండటానికి చూసుకోవలసినవి కొన్ని. మొదటివాటిలో అభిరుచికి తావు లేదు కనుక వాటినే ముందు చెబుతాను.

వాల్వులు ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పనిచేస్తాయి. స్పీకరుకు కావలసింది తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు. ఈ రెంటినీ కలిపేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. ఓములు అంటే స్పీకరు కరెంటుకు చూపే అడ్డు. మీ హెడ్ వెనుక ఉన్న 16, 8 అనే జాకులు ఆ ట్రాన్స్‌ఫార్మరు చుట్లలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన కొసలు. 16 ఓముల క్యాబినెట్‌ను 16 జాక్‌కు, 8 ఓముల దానిని 8 జాక్‌కు కలిపితే వాల్వులకు అలవాటైన భారమే అందుతుంది. 16 ఓముల జాక్‌కు 8 ఓముల పెట్టె కలిపితే వాల్వుల మీద కరెంటు పెరిగి అవి త్వరగా అరిగిపోతాయి. 8 ఓముల జాక్‌కు 16 ఓముల పెట్టె కలిపితే ట్రాన్స్‌ఫార్మరు ప్రాథమిక చుట్టలో వోల్టేజీ అతిగా లేచే అవకాశం ఉంటుంది. ఒక రెట్టు తేడాను చాలా యాంపులు కొంతకాలం ఓర్చుకుంటాయి, కానీ తయారీదారు అనుమతించనిదే దానిని అలవాటుగా చేసుకోరాదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్పీకరు ఏదీ తగిలించకుండా వాల్వు యాంప్‌ను వాయించడం. కాలిపోవడం గురించిన కథల్లో నిజమున్నది ముఖ్యంగా అక్కడే. కనుక స్టాండ్‌బై స్విచ్ వేసే ముందు స్పీకరు తీగ రెండు కొసలా బిగిసి ఉందో లేదో చేత్తో తాకి చూసుకోండి.

(ట్రాన్సిస్టర్ యాంప్ ఉన్నవారు ఈ మాటలను యథాతథంగా తీసుకోవద్దు. వాటికి స్పీకరు లేకపోయినా ఫరవాలేదు, కానీ రాసి ఉన్న కనీస ఓముల కన్నా తక్కువ భారం పెట్టకూడదు. 4 ఓముల దగ్గర 50 వాట్లు ఇచ్చే ట్రాన్సిస్టర్ యాంప్ 8 ఓముల దగ్గర 30 వాట్లకు అటూ ఇటూ ఇస్తుంది. చెవికి ఆ తేడా మూడు డెసిబెల్ కూడా ఉండదు.)

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద రాసిన 300 వాట్లు అది తట్టుకోగల శక్తి. అంత శక్తి ఇస్తే తప్ప పలకదని దాని అర్థం కాదు. 20 వాట్ల యాంప్‌తో 300 వాట్ల పెట్టెను నిశ్చింతగా వాయించవచ్చు. కుండ పెద్దదైనంత మాత్రాన బావికి వచ్చే నష్టం ఏమీ లేదు. జాగ్రత్త పడవలసింది దీనికి ఎదురు దిశలో. యాంప్ మీద రాసిన 20 వాట్లు స్వరం తేటగా ఉన్నప్పుడు కొలిచిన లెక్క. గెయిన్ (స్వరాన్ని గరగరలాడించే నాబ్) పెంచి మాస్టర్ వాల్యూమ్ పూర్తిగా తిప్పినప్పుడు స్వర తరంగం పైనా కిందా తెగి చతురస్రాకారానికి దగ్గరవుతుంది. అప్పుడు స్పీకరుకు చేరే శక్తి రెట్టింపు దాకా పోగలదు. అందువల్ల సెలెస్షన్ కంపెనీ వారి 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ స్పీకరు ఒక్కదానిని మీ హెడ్‌కు కలపడం నాకు సమ్మతం కాదు. అవే రెండు ఉంటే 50 వాట్లవుతుంది కనుక సరిపోతుంది. అదే కంపెనీ 60 వాట్ల వింటేజ్ 30 స్పీకరు ఒక్కటైనా చాలు. ఒకే పెట్టెలో రెండు వేర్వేరు స్పీకర్లు పెట్టదలిస్తే రెంటి ఓములూ ఒకటే కావాలి, బలహీనమైన దాని వాట్లకు రెట్టింపునే మొత్తంగా లెక్కించాలి. 60, 25 కలిపి 85 అనుకోకూడదు, 50 అనుకోవాలి, ఎందుకంటే యాంప్ శక్తి రెండింటికీ సగం సగంగా పోతుంది.

చాలామంది వాట్లు చూసి ఆగిపోతారు, సెన్సిటివిటీని చూడరు. ఒక వాట్ ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో చెప్పే సంఖ్య అది. వింటేజ్ 30కి 100 డెసిబెల్, గ్రీన్‌బ్యాక్‌కు 98, అదే కంపెనీ జి12టి-75కు 97 అని తయారీదారు ఇచ్చారు. మూడు డెసిబెల్‌ల తేడా అంటే యాంప్ శక్తిని రెట్టింపు చేసినంత. అంటే మీ 20 వాట్లు 100 డెసిబెల్ స్పీకరు మీద ఎంత గట్టిగా పలుకుతాయో, 97 డెసిబెల్ స్పీకరు మీద అంత గట్టిగా పలకడానికి 40 వాట్ల యాంప్ కావాలి.

మైకుసెట్టు పెట్టె వద్దని నా సలహా. కారణం వాట్లూ కాదు, ఓములూ కాదు. ఆ పెట్టెలో 12 అంగుళాల డ్రైవరుతో పాటు తీవ్ర స్వరాలకు హార్న్ ఉంటుంది. మాటలూ పాటలూ ఉన్నవి ఉన్నట్లు వినిపించడం దాని పని. గిటార్ స్పీకరు అలా కాదు. సుమారు 5,000 హెర్ట్‌జ్ దాటగానే అది చేతులెత్తేస్తుంది, 2,000 నుంచి 4,000 మధ్య కాస్త ఉబ్బుగా పలుకుతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరగరను కత్తిరించి, వినదగిన స్వరంగా మార్చేది ఈ లోపమే. హార్న్ ఉన్న పెట్టెలో ఆ గరగర అంతా బయటికి వచ్చి కందిరీగల తుట్టె కదిపినట్టుంటుంది. పెడల్‌బోర్డులోనో ప్రాసెసర్‌లోనో గిటార్ క్యాబినెట్ స్వరాన్ని అనుకరించే నమూనా వేసుకుని వాయించేవారికి మాత్రం అటువంటి పెట్టెలే తగినవి.

చివరగా, గిటార్ నుంచి యాంప్‌కు వాడే తీగను యాంప్ నుంచి క్యాబినెట్‌కు వాడవద్దు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, జాకులూ ఒకటే. కానీ గిటార్ తీగలో సన్నని కండక్టరు చుట్టూ కవచం ఉంటుంది, స్పీకరు కరెంటుకు అది ఆగదు. ఎలక్ట్రికల్ దుకాణంలో 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి తీగ తీసుకుని రెండు చివరలా మంచి లోహపు జాకులు అంటించుకుంటే చాలు.

జవాబు: నాపరాతి గది, కడప

పెన్నా వాల్వు గారు విద్యుత్తు సంగతి చెప్పారు కనుక నేను గది సంగతి చెబుతాను. కడప బండలు అన్న మాట చూడగానే స్పందించాలనిపించింది. మా ఇంట్లోనూ అవే, మా ఊరి పేరే వాటికి వచ్చింది కాబట్టి తప్పించుకునే వీలు లేదు.

నునుపైన బండ, సిమెంటు గోడ, కాంక్రీటు కప్పు తీవ్ర స్వరాలను దాదాపు ఏమీ పీల్చుకోవు. అందువల్ల క్యాబినెట్ కొనే ముందు వేరే చోట విన్నదంతా అటువంటి గదిలో ఒక మెట్టు కటువుగా వినిపిస్తుంది. యూట్యూబ్‌లో తివాచీలు పరిచిన స్టూడియోలో విని మెచ్చిన స్పీకరు మీ మిద్దె మీద చెవులు గుచ్చుతుంది. పై మధ్యమ స్వరాల ఉబ్బు ఎక్కువగా ఉన్న వింటేజ్ 30ను మూసిన పెట్టెలో పెట్టి అలాంటి గదిలో రోజూ రెండు గంటలు సాధన చేయమంటే నేను చేయలేను. ఒక జంపఖానా పరిచి, క్యాబినెట్ ఎదుటి గోడకు బట్టల అలమరనో పరుపునో ఆనిస్తే కొంత తగ్గుతుంది. అయినా స్పీకరు ఎంపికలోనే ఆ గదిని లెక్కలోకి తీసుకోవడం మేలు.

పెట్టె వెనుక మూసి ఉండాలా, తెరిచి ఉండాలా అన్నది ఇక్కడే తేలుతుంది. స్పీకరు కోన్ (కదిలే కాగితపు గరాటు) ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనుకనున్న గాలి పలచబడుతుంది. వెనుక తెరిచి ఉంటే మంద్ర స్వరాల్లో ఈ రెండూ పెట్టె అంచుల చుట్టూ తిరిగి కలిసి ఒకదానినొకటి చెరిపేసుకుంటాయి. కనుక మంద్రం తగ్గుతుంది, కానీ శబ్దం వెనుకకూ పోతుంది కాబట్టి గది అంతా పరుచుకున్నట్టు వినిపిస్తుంది. ఫెండర్ కాంబోల (యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నవాటి) తేట స్వరంలో ఉండే ఆ విశాలత్వానికి తెరిచిన వెనుక భాగం ఒక ముఖ్య కారణం. వెనుక మూసేస్తే మంద్రం బిగువుగా, గుండెకు తగిలేలా వస్తుంది, శబ్దం ముందుకే దూసుకుపోతుంది. చర్చిలో మీ వెనుక డ్రమ్మరు కూర్చుని ఉంటే తెరిచిన పెట్టె ఆయనకూ వినిపిస్తుంది, ప్రత్యేకంగా మానిటర్ అడగరు. ఆరుబయట మాత్రం వెనుకకు పోయిన శబ్దం తిరిగి రావడానికి గోడ ఉండదు కనుక మూసిన పెట్టెదే పైచేయి.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. 12 అంగుళాల కోన్ సుమారు 1,000 హెర్ట్‌జ్ దాటిన దగ్గరి నుంచి శబ్దాన్ని వెడల్పుగా చల్లడం మానేసి సన్నని ధారగా విసరడం మొదలుపెడుతుంది. క్యాబినెట్ నేల మీద ఉంటే ఆ ధార మీ మోకాళ్లకు తగులుతుంది. మీకు స్వరం మందంగా వినిపించి ట్రెబుల్ పెంచుతారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు చెవులు మూసుకుంటారు. పెట్టెను కుర్చీ మీద పెట్టండి, లేదా వెనుకకు వాల్చండి. రెండు స్పీకర్ల పెట్టె కొంటే దానిని నిలువుగా నిలబెట్టండి: పై స్పీకరు చెవికి దగ్గరవుతుంది, శబ్దం కూడా కుడి ఎడమలకు మరింత వెడల్పుగా పరుచుకుంటుంది.

ఇక మార్షల్ 1960. నాలుగు జి12టి-75 స్పీకర్లు, 300 వాట్లు, బరువు దాదాపు 36 కిలోలు. 1960లలో లండన్‌లో ఆ పెట్టె పుట్టినప్పుడు ఒక్కో స్పీకరు తట్టుకునే శక్తి తక్కువ, హాలులోని మైకు వ్యవస్థ బలహీనం. గిటార్ తనంతట తానే చివరి వరుస దాకా చేరవలసిన అవసరం ఉండేది. ఈరోజు మీ పెట్టె ముందు మైకు పెడుతున్నారు. ఆ మైకు నాలుగింటిలో ఒక్క స్పీకరునే వింటుంది. బెంగళూరు నుంచి అనంతపురం మీదుగా బస్సు పార్సెల్‌లో అది కర్నూలు చేరుతుందేమో గానీ మీ మిద్దె మెట్లు ఎవరు ఎక్కిస్తారు? ధర ఎంత తగ్గించినా దాని జోలికి పోవద్దు.

తుంగభద్ర తీగలు, కర్నూలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మైకుసెట్టు పెట్టె, నాలుగు స్పీకర్ల పెట్టె రెండింటినీ పక్కన పెట్టేశాను. ఒకే స్పీకరు పెట్టె వైపే మనసు మొగ్గుతోంది. అయితే స్పీకరు మాత్రం తెప్పించుకుని పెట్టెను ఇక్కడి వడ్రంగి చేత చేయించుకుంటే ఎలా ఉంటుంది? అవసరాన్ని బట్టి వెనుక భాగం మూసి, తెరిచి వాడుకునేలా చేయవచ్చా?

జవాబు: చెక్కపని, ప్రొద్దుటూరు

నిస్సందేహంగా చేయించుకోవచ్చు. గిటార్ క్యాబినెట్ అంటే ఇంట్లో పాటలు వినే పెట్టెల వలె లీటరు లీటరుకూ లెక్క కట్టవలసినది కాదు, వెనుక తెరిచి వాడేటప్పుడు మరీ కాదు. బయటి కొలత 550 మిల్లీమీటర్ల వెడల్పు, 480 ఎత్తు, 290 లోతు ఉండేలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించండి. లోపలి ఖాళీ 50 లీటర్లకు అటూ ఇటూ వస్తుంది, 12 అంగుళాల స్పీకరు ఒక్కదానికి అది హాయిగా సరిపోతుంది.

విదేశీ క్యాబినెట్లలో బాల్టిక్ బర్చ్ ప్లైవుడ్ వాడతారు. మనకు దుకాణంలో దొరికే వాటిలో ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకుంటే పొరల మధ్య ఖాళీలు తక్కువగా ఉంటాయి, వానకూ ఎండకూ విచ్చిపోదు. పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. వద్దు: బరువు ఎక్కువ, స్క్రూ ఒకసారి విప్పి బిగిస్తే పట్టు వదులుతుంది, మూలలు ఆటోలో తగిలితే పొడిపొడిగా రాలుతాయి. టేకు చెక్క ఇంట్లో ఉందని కొందరు దానితో చేయిస్తారు. అందానికి అభ్యంతరం లేదు గానీ మన ఎండలకు వెడల్పైన చెక్క పలక వంగడం, పగలడం మామూలు. ప్లైవుడ్‌కు ఆ బెడద లేదు.

స్పీకరు బిగించే ముందువైపు పలకలోని రంధ్రం సెలెస్షన్ 12 అంగుళాల నమూనాలకు 283 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది వడ్రంగికి కాగితం మీద రాసి ఇవ్వండి. 12 అంగుళాల స్పీకరు అని నోటితో చెబితే ఆయన నమ్మకంగా 12 అంగుళాల రంధ్రమే కోస్తారు, స్పీకరు అంచు ఆనడానికి చోటు మిగలదు. చెక్క స్క్రూలతో కాకుండా పలక వెనుక టీ-నట్లు (చెక్కలో దిగి పట్టుకునే నట్లు) దింపి బోల్టులతో బిగించండి. వింటేజ్ 30 దాదాపు 4.7 కిలోలు ఉంటుంది కనుక ఉత్త స్క్రూలు కొన్నాళ్లకు వదులవుతాయి. బోల్టులను వరుసగా కాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, లేకపోతే స్పీకరు చట్రం మెలిపడి కోన్ మధ్యలోని కాయిల్ రాసుకుంటుంది.

వెనుక భాగాన్ని అడ్డంగా మూడు పట్టీలుగా చేయించండి. పైదీ కిందిదీ శాశ్వతంగా ఉండనిచ్చి, మధ్య పట్టీని మాత్రం చేత్తో తిప్పే బోల్టులతో పెట్టించుకుంటే మిద్దె మీద తీసేసి, ఆరుబయట వేదిక మీద బిగించుకోవచ్చు. పట్టీ కూర్చునే చట్రానికి కిటికీలకు అంటించే రబ్బరు టేపు అతికించాలి. గాలి కారితే మూసిన పెట్టె మూసినట్టు పలకదు, పైగా కొన్ని స్వరాల దగ్గర చెక్క చిటచిటలాడుతుంది. పైన రెక్సిన్ వేయడానికి ఆటో సీట్లు కుట్టే దుకాణాల వారిని మించినవారు లేరు. ముందువైపు గుడ్డ విషయంలో ఒక పరీక్ష ఉంది: నోటికి ఆనించి ఊదితే గాలి ధారాళంగా పోవాలి. సోఫా గుడ్డలు ఆ పరీక్షలో నెగ్గవు.

స్పీకరు చేతికి రాగానే మల్టీమీటరు పెట్టి చూడండి. 8 ఓముల స్పీకరుకు మీటరులో 6 నుంచి 7 ఓములు, 16 ఓముల దానికి 12 నుంచి 13 దాకా చూపిస్తుంది. మీటరు కొలిచేది తీగ నిరోధాన్నే కనుక తక్కువగా రావడం సహజం. పాత క్యాబినెట్లు కొనేవారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం, ఎందుకంటే లోపల స్పీకరు మార్చి బయటి చీటీని అలాగే వదిలేసినవి బజారులో చాలా ఉంటాయి.

జవాబు: పెన్నా వాల్వు, అనంతపురం

పెట్టె గురించి చెక్కపని గారు చెప్పిన దానికి నేను కలపవలసింది లేదు. స్పీకరు ఎంపికలో మాత్రం నాపరాతి గది గారితో కొంత విభేదిస్తున్నాను. వింటేజ్ 30 రాతి గదిలో కటువుగా ఉంటుందన్నది నిజమే. కానీ కీబోర్డు, మరో గిటార్, పాడేవారు పదిమంది ఉన్న చర్చి వేదిక మీద గిటార్‌ను వినబడేలా చేసేది ఆ పై మధ్యమ స్వరాల ఉబ్బే. ఒంటరిగా సాధన చేసేటప్పుడు గుచ్చుకున్న స్వరమే గుంపులో సరిగ్గా అమరుతుంది. గదిలో పై స్వరాల పదునును మార్చే ప్రెజెన్స్ నాబ్ తగ్గించుకోవచ్చు.

జవాబు: నాపరాతి గది, కడప

వేదిక మీద ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన గంటలు లెక్క వేసి చూడండి, వేదిక మీద కన్నా మిద్దె మీదే ఎక్కువ. ఆ ఉబ్బు స్పీకరులో ఉంటే నాబ్‌తో పూర్తిగా పోదు. నేనైతే 65 వాట్ల క్రీమ్‌బ్యాక్, అంటే జి12ఎం-65 తీసుకుంటాను. గ్రీన్‌బ్యాక్ పోలిక స్వరం, వాట్లకు భయం లేదు, సెన్సిటివిటీ 97 డెసిబెల్. ఆ మూడు డెసిబెల్‌లు తక్కువ కావడం ఇక్కడ లోపం కూడా కాదు: వింటేజ్ 30తో పోలిస్తే 20 వాట్ల హెడ్ 10 వాట్ల హెడ్‌లా పలుకుతుంది కనుక వాల్వులు వెచ్చబడి స్వరం పండే దాకా వాల్యూమ్ తిప్పుకోవచ్చు, కింది వాటా వారు మెట్లెక్కి వచ్చేలోగా ఒక పాటైనా పూర్తవుతుంది. హాలులో తగ్గినది మైకు పూడుస్తుంది. ఆరుబయట వేదికలే ఎక్కువైతే మాత్రం పెన్నా వాల్వు గారి మాటే వినండి.

తుంగభద్ర తీగలు, కర్నూలు

క్రీమ్‌బ్యాక్ వైపే వెళ్తున్నాను. చివరిగా ఒక్క సందేహం: 8 ఓములదీ 16 ఓములదీ రెండూ దొరుకుతున్నాయి, ధర ఒకటే. నా హెడ్‌కు రెండు జాకులూ ఉన్నాయి కనుక ఏదైనా ఒకటేనా?

జవాబు: పెన్నా వాల్వు, అనంతపురం

ఇప్పటికి ఒకటే, స్వరంలో తేడా వెతకనక్కరలేదు. అయినా 16 ఓములదే తీసుకోండి. రేపు ఇలాంటి పెట్టె ఇంకొకటి చేయించుకోవాలనిపిస్తే రెండు 16 ఓముల పెట్టెలు సమాంతరంగా కలిసి 8 ఓములవుతాయి, దానికి మీ హెడ్‌లో జాక్ ఉంది. రెండు 8 ఓములవి కలిస్తే 4 అవుతాయి, దానికి మీ హెడ్‌లో చోటు లేదు. హెడ్ వెనుక 8 ఓముల జాక్ ఒక్కటే కనుక రెండవ పెట్టె తీగ మొదటి పెట్టె నుంచే తీసుకోవాలి. అందుకని చెక్కపని గారి కొలతలతో పని మొదలుపెట్టించేటప్పుడే వెనుక కింది పట్టీ మీద ఒకదానికి బదులు రెండు జాకులు సమాంతరంగా పెట్టించి, రెండవ పెట్టె కలిపినప్పుడు హెడ్ తీగను 16 నుంచి 8కి మార్చాలని పక్కనే పెయింటుతో రాయించండి.